పన్నెండో పేజీ దాటని పుస్తకాలు

చేతులు మారిన విదేశీ భాషా నవలల్లో ఒక గుర్తు తరచూ కనిపిస్తుంది. మొదటి పేజీలో ప్రతి లైను మీదా పెన్సిల్‌తో రాసుకున్న అర్థాలు ఉంటాయి. రెండో పేజీలోనూ అంతే. ఐదో పేజీకి వచ్చేసరికి పలచబడతాయి. ఏ పన్నెండో పేజీ దగ్గరో ఆగిపోతాయి. అక్కడినుంచి చివరి అట్ట దాకా కాగితం తెల్లగా, ఒక్క మడతైనా పడకుండా ఉంటుంది. పన్నెండో పేజీలో ఆ పాఠకుడికి ఉన్నట్టుండి భాష వచ్చేసిందని మాత్రం ఎవరూ అనుకోరు.

బద్ధకం అనో, భాషలు అబ్బే బుర్ర కాదనో తేల్చేయడం సులువే. కానీ ఆ మనిషి మొదలుపెట్టిన పని సరైనదే. పరాయి భాష ఒంటబట్టాలంటే ఆ భాషలో బాగా చదవాలి, బాగా వినాలి. ఈ మాటకు ఎంతోమంది టీచర్ల అనుభవమూ, కొన్ని దశాబ్దాల పరిశోధనా దన్నుగా ఉన్నాయి. తప్పు పుస్తకం ఎంపికలో జరిగింది. చదివి నేర్చుకుందామని కూర్చుని మధ్యలో లేచిపోయిన వాళ్ళ కథల్లో చాలావరకు ఓడిపోయింది పద్ధతి కాదు, లెవెల్.

లెవెల్ అంటే ఏమిటో పరాయి భాష అక్కర్లేకుండా తెలుగులోనే చూడొచ్చు. కింది ఇరవై మాటల్లో ఒకటి మాత్రం కల్పించిన మాట.

"రాత్రంతా వాన పడింది. పొద్దున లేచి చూస్తే గుమ్మం ముందు మురవెలు నిండి ఉన్నాయి. పిల్లలు కాగితం పడవలు చేసి వాటిలో వదిలారు. అమ్మ చూసి నవ్వింది."

మురవెలు అంటే నీటి మడుగులో, చిన్న గుంటలో అయి ఉండాలి. ఖాయంగా చెప్పలేకపోయినా కథ ఆగలేదు. ఇంకో రెండు పేజీల తర్వాత "ఎండకు మురవెలు ఇంకిపోయాయి" అని వస్తే ఆ మాట దాదాపు సొంతమైపోతుంది. ఇప్పుడు అదే కథ, ఇరవైలో నాలుగు మాటలు మార్చి:

"రాత్రంతా తెసురు పడింది. పొద్దున లేచి చూస్తే గుమ్మం ముందు మురవెలు నిండి ఉన్నాయి. పిల్లలు కాగితం గిసుళ్ళు చేసి వాటిలో వదిలారు. అమ్మ చూసి దెమిలింది."

పడింది వానా, మంచా, బూడిదా? గుమ్మం ముందున్నవి గుంటలా, బుట్టలా? పిల్లలు చేసింది పడవలా, బొమ్మలా? అన్నిటికన్నా ముఖ్యంగా, అమ్మ నవ్విందా, తిట్టిందా, ఏడ్చిందా? వ్యాకరణం మొత్తం తెలిసి, ఇరవైలో పదహారు మాటలు తెలిసి కూడా కథ చేతికి చిక్కలేదు. పైగా ఇక్కడ చదివేది మాతృభాషలో. విదేశీ భాష చదివేవాడికి ఆ 'పడింది', 'చేసి', 'వదిలారు' కూడా అంత ధీమాగా అందవు.

మొదటి నమూనా 95 శాతం తెలిసిన పాఠం, రెండోది 80 శాతం తెలిసినది. పరిశోధకులు కూడా ఇలాగే లెక్క కట్టారు. పాఠం ఓ మాదిరిగా అర్థం కావాలంటే అందులో 95 శాతం మాటలు తెలిసి ఉండాలని బాటియా లాఫర్ 1989లో తేల్చారు. 2000లో మార్సెల్లా హు, పాల్ నేషన్ ఒక కథలోని మాటల స్థానంలో కల్పించిన మాటలు పెట్టి విద్యార్థుల చేత చదివించారు. 80 శాతం తెలిసిన పాఠాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. 90, 95 దగ్గర కొందరికి అర్థమైంది, చాలామందికి కాలేదు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే 98 శాతం కావాలని వాళ్ళు అంచనాకు వచ్చారు. అంటే యాభై మాటలకు ఒక్కటి మాత్రమే కొత్తది. 250 మాటలున్న పేజీలో ఐదు.

పేజీకి ఐదే కొత్త మాటలంటే చాలామందికి నామోషీగా ఉంటుంది. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది, ఇది పిల్లల పుస్తకం కదా అనిపిస్తుంది. కష్టపడితేనే చదువు వస్తుందన్న నమ్మకం చిన్నప్పటినుంచీ బుర్రలో నాటుకుపోయి ఉంటుంది మరి. అందుకే భాషలో మూడు నెలల వయసున్న పాఠకుడు కూడా నోబెల్ వచ్చిన రచయిత పుస్తకమే తెచ్చుకుంటాడు.

చదువులో రెండు రకాలున్నాయని, వాటిని కలపకూడదని భాషా బోధకులకు చాలాకాలంగా తెలుసు. ఒకటి గాఢ పఠనం: చిన్న పాఠం తీసుకుని ప్రతి వాక్యాన్నీ విప్పి, ప్రతి మాటకూ అర్థం రాసుకోవడం. ఇంకోటి విస్తృత పఠనం: తేలికైన పుస్తకాలను కథ కోసం, సమాచారం కోసం, సరదా కోసం వరసగా చదువుకుంటూ పోవడం. ఇంగ్లిష్ బోధనలో ఈ రెండో పేరును హెరాల్డ్ పామర్ 1917లోనే వాడాడు. 1920లలో ఢాకాలో పనిచేసిన మైఖేల్ వెస్ట్, పుస్తకంలో కొత్త మాటలు గుప్పించకుండా కొద్దికొద్దిగా ప్రవేశపెట్టి, ప్రవేశపెట్టిన మాటను పదేపదే వాడే వాచకాలు తయారుచేశాడు. ఇవాళ గ్రేడెడ్ రీడర్స్ అంటున్న పుస్తకాల పుట్టుక అక్కడే.

ఈ ఆలోచనకు సిద్ధాంతం రూపం ఇచ్చి, దాని మీద పెద్ద గొడవ కూడా లేపినవాడు అమెరికా భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్. భాష రూల్స్ బట్టీపడితే రాదని, అర్థమయ్యే భాషను చెవులతో, కళ్ళతో పుష్కలంగా తీసుకుంటే తనంతట తానే లోపల కుదురుకుంటుందని ఆయన 1980లలో వాదించాడు. ఆ తీసుకునే భాషనే ఇన్‌పుట్ అన్నాడు. అది నేర్చుకునేవాడి స్థాయికి ఒక్క మెట్టు పైన ఉండాలన్నాడు. ఆ మెట్టును ఎలా కొలవాలో ఆయన చెప్పలేదని విమర్శకులు పట్టుకున్నారు, అది న్యాయమైన విమర్శే. అయినా మాతృభాష సంగతి చూసుకుంటే ఆయన మాటలో ఎంత బలం ఉందో తెలుస్తుంది. 'వాన వచ్చింది', 'వాళ్ళు వచ్చారు' అని ఎవరూ రూలు నేర్చుకుని అనరు. 'వాళ్ళు వచ్చింది' అని వినబడగానే చెవికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ఎందుకు తప్పో చెప్పమంటే మాత్రం తడుముకోవాలి.

సిద్ధాంతం సంగతి అలా ఉంచితే, ఈ పద్ధతికి గట్టి సాక్ష్యం ఫిజీ దీవుల్లో దొరికింది. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే పరిశోధకులు 1980లో అక్కడి పల్లెటూరి బడులు ఎంచుకున్నారు. పిల్లలు నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు. ఇంగ్లిష్ వాళ్ళకు ఇంటి భాష కాదు. బడుల్లో పుస్తకాలు చాలా తక్కువ. ఎనిమిది బడుల్లో తరగతికి 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలు తెచ్చి పెట్టారు. కొన్ని తరగతుల్లో టీచరూ పిల్లలూ కలిసి పుస్తకం చదివి దాని గురించి మాట్లాడుకునేవారు, బొమ్మలు వేసుకునేవారు. మిగతా తరగతుల్లో పిల్లలు నచ్చిన పుస్తకం తీసుకుని ఎవరిపాటికి వాళ్ళు నిశ్శబ్దంగా చదువుకునేవారు. ఇంకో నాలుగు బడుల్లో మామూలు పాఠాలే నడిచాయి.

ఎనిమిది నెలల తర్వాత పరీక్ష పెడితే, పుస్తకాలు అందిన పిల్లలు చదివి, విని అర్థం చేసుకోవడంలో మామూలు కంటే రెట్టింపు వేగంతో ముందుకెళ్ళారు. ఇరవై నెలలకు ఆ తేడా ఇంకా పెరిగింది. రాయడం వంటి మిగతా భాషా నైపుణ్యాలకూ పాకింది. వ్యాకరణం డ్రిల్స్ చేసిన పిల్లల కంటే కథలు చదువుకున్న పిల్లలు భాషలో ముందుండటం అప్పట్లో చాలామందికి మింగుడుపడని సంగతి. ఇది 'పుస్తకాల వరద' పేరుతో ప్రసిద్ధమైంది. గమనించాల్సింది ఆ వరదలోని నీళ్ళు ఎలాంటివన్నది. అవి బొమ్మలున్న, తేలికైన, పిల్లలకు నచ్చే కథలు. అదే 250 పుస్తకాలు సాహిత్య సంకలనాలైతే తరగతి మూలన దుమ్ము కొట్టుకుపోయేవి.

పెద్దవాళ్ళ విషయంలో జపాన్ అనుభవం ఇంకా ముచ్చటగా ఉంటుంది. బెనికో మేసన్ అనే అధ్యాపకురాలికి ఇంగ్లిష్‌లో ఫెయిలై మళ్ళీ అదే కోర్సు చదవాల్సి వచ్చిన యూనివర్సిటీ విద్యార్థుల క్లాసు దొరికింది. ఆమె పాఠ్యపుస్తకం పక్కనపెట్టి, తేలికైన రీడర్లు ఇచ్చి చదువుకోమంది. ఒక సెమిస్టర్ ముగిసేసరికి, మొదట్లో బాగా వెనకబడి ఉన్న ఈ విద్యార్థులు మామూలు పద్ధతిలో చదివే క్లాసును దాదాపు అందుకున్నారు. ఇంగ్లిష్ అంటే ఉన్న విముఖత కూడా చాలామందిలో తగ్గింది. క్రాషెన్‌తో కలిసి ఆమె 1997లో ఈ వివరాలు ప్రచురించింది.

జపాన్‌లోనే ఈ అలవాటుకు 'తదొకు' అనే పేరు స్థిరపడింది. ఎక్కువగా చదవడం అని అర్థం. 2000ల మొదట్లో సకాయ్ కునిహిదె దీన్ని జనంలోకి తీసుకెళ్ళాడు. ఆయన పెట్టిన నియమాలు మూడే. డిక్షనరీ ముట్టుకోవద్దు. అర్థంకానిది వదిలేసి ముందుకెళ్ళు. బోరు కొడితే పుస్తకమే మార్చేయ్. లక్ష్యం పది లక్షల మాటలు. మొదలు మాత్రం పేజీకి ఒకట్రెండు వాక్యాలుండే బొమ్మల పుస్తకాలతో. మూడో నియమం అన్నిటికంటే విలువైనది. కొన్న పుస్తకం పూర్తి చేయకపోతే తప్పు చేసినట్టు బాధపడేవాళ్ళు నచ్చని పుస్తకం ముందు నెలల తరబడి కూర్చుంటారు, ఆ నెలల్లో పది వేరే పుస్తకాలు అయిపోయేవి. డిక్షనరీ నియమాన్ని మాత్రం మరీ మతాచారంలా పట్టుకోనక్కర్లేదు. ఒకే అధ్యాయంలో నాలుగోసారి ఎదురై కథకు అడ్డం పడుతున్న మాటను చూసుకుంటే కొంపలేమీ మునగవు. పదహారు భాషల దాకా పనిచేసిన హంగేరీ అనువాదకురాలు కాటో లోంబ్ కూడా నవలలతోనే భాషలు పట్టింది. ముఖ్యమైన మాట ఎలాగూ మళ్ళీ వస్తుంది, రాని మాట ముఖ్యమైనది కాదు అన్నది ఆమె ధోరణి.

మాట మళ్ళీ వస్తుందన్న చోటే అసలు లెక్క మొదలవుతుంది. చదివేస్తే మాటలు వాటంతట అవే అంటుకుంటాయని ప్రచారం చేసేవాళ్ళు ఈ లెక్క చెప్పరు.

రాబ్ వేరింగ్, మిసాకో తకాకి 2003లో పదిహేనుమంది జపనీస్ విద్యార్థినుల చేత ఒక గ్రేడెడ్ రీడర్ చదివించారు. అందులో 25 మాటలను తీసేసి వాటి స్థానంలో కల్పించిన మాటలు పెట్టారు. మూడు నెలల తర్వాత, ఏ ఆధారమూ ఇవ్వకుండా అర్థం చెప్పమంటే సగటున గుర్తున్నది ఒక్కటంటే ఒక్క మాట. పుస్తకంలో ఎనిమిదిసార్ల కంటే తక్కువ ఎదురైన మాటల్లో ఒక్కదానికీ ఎవరూ అర్థం చెప్పలేకపోయారు. ఈ ఫలితం చూసి నిరాశపడేవాళ్ళూ ఉంటారు. కానీ ఇది చెప్పేది ఒకటే, ఒక పుస్తకంతో ఏమీ కాదు. మాట ఒకసారి పరిచయమై, రెండోసారి ఎక్కడో చూసినట్టనిపించి, ఐదోసారి మొహం గుర్తుపట్టి, పదోసారికి పేరుతో పిలిచే దాకా వస్తుంది. మనుషులతో స్నేహం కూడా ఇలాగే కుదురుతుంది కదా.

చిక్కేమిటంటే మాటలన్నీ సమానంగా ఎదురుకావు. ఏ భాషలోనైనా గుప్పెడు మాటలు ప్రతి లైనులోనూ తగులుతాయి, మిగతా వేలాది మాటలు ఎప్పుడో ఒకసారి తొంగిచూస్తాయి. ఇంగ్లిష్‌లో అతి తరచుగా వాడే 2,000 పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) తెలిస్తే మామూలు రాతలో ఐదింట నాలుగు మాటలకు పైగా తెలిసినట్టే. కానీ పెద్దల నవలో, వార్తాపత్రికో 98 శాతం దాకా తెలియాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని నేషన్ 2006లో లెక్కగట్టాడు. చివరి ఆ పదిహేను శాతం చిల్లర కోసం నాలుగు రెట్లు మాటలు నేర్చుకోవాలన్నమాట. మధ్యస్థాయికి వచ్చిన చాలామంది ఏళ్ళ తరబడి అక్కడే చతికిలబడటానికి కారణం ఇదే. కొత్త మాటలు ఎదురవుతూనే ఉంటాయి, కానీ ఒక్కోటి నెలకోసారి.

2014లో నేషన్ ఇంకో అడుగు వేసి, ఒక్కో మాట సగటున పన్నెండుసార్లు తగలాలంటే ఎంత చదవాలో చూశాడు. ఎక్కువ వాడే మాటల నుంచి తక్కువ వాడే మాటల దాకా వరస కడితే, రెండో వెయ్యి మాటలకు రెండు లక్షల మాటల లోపు చదివితే సరిపోతుంది. అది సుమారు రెండు నవలలు. తొమ్మిదో వెయ్యి దగ్గరికొచ్చేసరికి 30 లక్షల మాటలు, అంటే పాతిక నవలలు కావాలి. నిమిషానికి 150 మాటల వేగంతో చదివితే 30 లక్షల మాటలకు 333 గంటలు పడతాయి. రోజుకు 55 నిమిషాల చొప్పున ఒక ఏడాది. వినగానే టెన్షన్ పుట్టించే అంకె ఇది. అయినా రోజూ ఫోనులో పోయే సమయంతో పోలిస్తే అసాధ్యమేమీ కాదు. ఇక్కడే తేలికపాటి పుస్తకం విలువ ఇంకోసారి తెలుస్తుంది. పెన్సిల్ పట్టుకుని గంటకు మూడు పేజీలు చదివేవాడికి ఆ 30 లక్షలకు చేరడానికి ఏడాది కాదు, పన్నెండేళ్ళు పడుతుంది.

ఈ అంకెలన్నీ ఇంగ్లిష్‌వి, అన్ని భాషలకూ యథాతథంగా అతికించకూడదు. చదువు, చదివించు, చదవగలిగితే, చదవకపోయినా, చదివేవాళ్ళమేమో అని ఒక్క ధాతువుకే పుట్టెడు రూపాలు మొలిచే తెలుగు, టర్కిష్, ఫిన్నిష్ లాంటి భాషల్లో 'తెలిసిన మాట' అంటే ఏమిటన్నదే ముందు తేల్చుకోవాలి. చైనీస్, జపనీస్ చదవాలంటే లిపే వేరే పెద్ద పని.

ఒకే రచయిత పుస్తకాలు వరసగా చదవడం, లేదా ఒకే విషయం మీద నాలుగైదు పుస్తకాలు పట్టడం ఈ లెక్కను కొంత తేలిక చేస్తుంది. డిటెక్టివ్ సిరీస్ చదివేవాడికి శవం, సాక్షి, అనుమానం, తాళంచెవి లాంటి మాటలు మూడు పుస్తకాల్లో ముప్పైసార్లు తగులుతాయి. పాత్రలు ముందే తెలుసు కాబట్టి అర్థం ఊహించడమూ తేలికే. రోజుకో రకం వ్యాసం చదివేవాడికి ప్రతిరోజూ మొదటి రోజే.

అసలు ఏమీ రానివాడి సంగతి వేరు. సున్నా దగ్గర 98 శాతం తెలిసిన పుస్తకం ఏ భాషలోనూ ఉండదు. బొమ్మలు చూపిస్తూ, సైగలు చేస్తూ నెమ్మదిగా మాట్లాడే పాఠాలు వినడం అక్కడ పనికొస్తుంది. బ్యాంకాక్‌లో థాయ్ నేర్పే ఒక ప్రసిద్ధ కోర్సు వందల గంటలపాటు విద్యార్థుల్ని నోరు విప్పకుండా విననిచ్చేది. అంత ఓపిక లేనివాళ్ళు తొలి వెయ్యి మాటల్ని కార్డుల మీద రాసుకుని బట్టీపట్టినా తప్పులేదు. ఇన్‌పుట్ భక్తులు బట్టీ మాట వింటే మొహం చిట్లిస్తారు గానీ, ఆ వెయ్యి మాటలు మొదటి రీడరును చాలా ముందే తెరిపిస్తాయి. ఆడియోతో పాటు చదివితే ఇంకా మంచిది. కళ్ళతోనే నేర్చుకున్నవాడి బుర్రలో ప్రతి మాటకూ సొంత ఉచ్చారణ ఒకటి గూడు కట్టుకుంటుంది, తర్వాత దాన్ని ఖాళీ చేయించడం కష్టం.

ఇంత చదివినా మాట్లాడటం వస్తుందా అన్న ప్రశ్నకు కెనడా సమాధానం చెప్పింది. 1965లో క్యూబెక్‌లోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచ్‌లో చెప్పడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. పిల్లలు ఏళ్ళ తరబడి వేల గంటలు ఫ్రెంచ్ విన్నారు, చదివారు. అర్థం చేసుకోవడంలో ఫ్రెంచ్ పిల్లలకు దాదాపు సమానమయ్యారు. నోరు తెరిస్తే మాత్రం లింగాలు, క్రియారూపాలు తప్పులే. ఇది గమనించిన పరిశోధకురాలు మెరిల్ స్వేన్ 1985లో, ఇన్‌పుట్ ఒక్కటే చాలదని, మాట్లాడటానికీ రాయడానికీ తడబడినప్పుడే తనకేం రాదో మనిషికి తెలుస్తుందని వాదించింది.

ఎందుకలా జరుగుతుందో తెలుగు నేర్చుకునే విదేశీయుణ్ణి ఊహించుకుంటే తెలిసిపోతుంది. 'వాళ్ళు నిన్న వచ్చారు' అన్న వాక్యంలో వచ్చినది ఎవరో 'వాళ్ళు' చెప్పేసింది, ఎప్పుడో 'నిన్న' చెప్పేసింది. 'వచ్చారు' చివర ఉన్న '-ఆరు' వైపు కన్ను పోవాల్సిన అవసరమే లేదు. వెయ్యిసార్లు చదివినా అతను దాన్ని చూడకుండానే అర్థం చేసుకుంటాడు. తానే ఆ వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు పెన్ను సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత చదివే పుస్తకంలో ఆ చివరలు కనబడటం మొదలవుతాయి.

30 లక్షల మాటల లెక్క కట్టిన నేషనే, భాష కోర్సులో సమయాన్ని నాలుగు సమాన భాగాలు చేయమన్నాడు: చదవడం-వినడం ఒకటి, మాట్లాడటం-రాయడం ఒకటి, మాటలనూ వ్యాకరణాన్నీ పనిగట్టుకుని నేర్చుకోవడం ఒకటి, వచ్చినదాన్నే వేగంగా వాడటం ఒకటి. నాలుగోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. కొత్త మాట ఒక్కటీ లేని పుస్తకాన్ని, వీలైతే ఒకసారి చదివేసినదాన్నే, గడియారం పక్కన పెట్టుకుని మళ్ళీ చదవడం అందులో ఒక పద్ధతి. మొదటిసారి మూడు వారాలు పట్టిన పుస్తకం రెండోసారి నాలుగు సాయంత్రాల్లో అయిపోవచ్చు, మధ్యలో ఎక్కడో ఏ భాషలో చదువుతున్నామన్నది కాసేపు మర్చిపోవడమూ జరగొచ్చు.